లక్ష లీటర్ల దీర్ఘచతురస్ర నీళ్ళ ట్యాంకు: గోడ మందం నుంచి భూకంపం లెక్క దాకా ఎలా చేయాలి

"సార్, మన అనంతపురం జోన్ టూలో కదా ఉంది, నీళ్ళ ట్యాంకుకు భూకంపం లెక్క ఎందుకు?" నెలకు ఇద్దరు ముగ్గురైనా ఈ ప్రశ్న అడుగుతారు. (జోన్ టూ అంటే దేశ భూకంప మ్యాపులో తక్కువ ప్రమాదం ఉన్న ప్రాంతం.) కొత్తగా సైటు చూస్తున్న ఇంజనీర్లు, చిన్న కాంట్రాక్టర్లు, అపార్ట్‌మెంటు కమిటీవాళ్ళు, అందరిదీ ఇదే ప్రశ్న. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నా అనుభవంలో తేలింది ముందే చెప్తాను. మన రాయలసీమలో భూకంపం లెక్క వల్ల ట్యాంకు గోడ మందం పెరగడం చాలా అరుదు. ట్యాంకును పాడుచేసేది ఎక్కువగా మూలలో తప్పుగా వంచిన కడ్డీ, అడుగున సరిగా పడని జాయింటు, మిట్టమధ్యాహ్నం ఎండలో పోసిన కాంక్రీటు. అయినా భూకంపం లెక్క వేయాల్సిందే. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో భూమి కంపించినప్పుడు ఆ ప్రాంతం మ్యాపులో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్ వన్‌లో ఉంది. దాదాపు పదివేల మంది చనిపోయారు. 2002లో భూకంప కోడు ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 1893ని సవరించినప్పుడు జోన్ వన్ అనేదే లేకుండా తీసేసి జోన్ టూలో కలిపేశారు. కిల్లారి ఉన్నదీ, మనం ఉన్నదీ దక్కన్ పీఠభూమి మీదే. పైగా భూకంపం వచ్చిన మరుసటి రోజు ఊరికి మొదట కావలసింది తాగునీళ్ళు, మంటలార్పే నీళ్ళు. లెక్కకు ఒక పూట చాలు, ఆ పూట కేటాయించండి.

ఇది నేల మీద కట్టే ట్యాంకులకు, భూమిలో దింపే సంపులకు మాత్రమే. స్తంభాల మీద నిలబడే ఓవర్‌హెడ్ ట్యాంకుకు సరిపోదు, అక్కడ స్తంభాల ఊపే ముఖ్యం కాబట్టి లెక్క దారి వేరు. చివరి డ్రాయింగు మీద లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం తప్పనిసరి.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

- నీళ్ళ ట్యాంకుల కోడు ఐఎస్ 3370 ఒకటి, రెండు, నాలుగు భాగాలు. ఒకటోది సాధారణ నియమాలు, రెండోది ఆర్‌సీసీ (ఇనుప కడ్డీలున్న కాంక్రీటు) డిజైన్, నాలుగోది పట్టికలు. 2009 కూర్పు తర్వాత 2021లో కొత్త కూర్పు వచ్చింది. మీ ఆఫీసులో పాత జిరాక్సు ఉంటే పక్కన పెట్టండి.
- ఐఎస్ 1893 ఒకటో భాగం, రెండో భాగం. 2014లో వచ్చిన రెండో భాగం ప్రత్యేకంగా ద్రవాల ట్యాంకుల కోసమే. చాలామంది ఒకటో భాగం ఒక్కటే చూసి బిల్డింగు లెక్క వేసేస్తారు, తప్పు అక్కడే మొదలవుతుంది. డిజైన్ చేసే రోజుకు ఏ కూర్పు అమల్లో ఉందో చూసుకోండి.
- ఐఎస్ 456, మామూలు కాంక్రీటు కట్టడాల కోడు.
- మట్టి పరీక్ష రిపోర్టు. నేల ఎంత బరువు మోస్తుంది, భూగర్భ నీటి మట్టం ఎంత లోతులో ఉంది, నల్లరేగడి అయితే ఎంత ఉబ్బుతుంది, ఈ మూడూ అందులో ఉండాలి.
- కాంక్రీటు కలపడానికి వాడే నీళ్ళ పరీక్ష. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఆర్‌సీసీకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6కు తగ్గకూడదు.
- టాన్‌హెచ్ (tanh) బటన్ ఉన్న కాలిక్యులేటర్, లేదా ఫోన్.

మాటలతోనే చెప్తే పట్టుబడదు కాబట్టి ఒక ట్యాంకు తీసుకుని చివరిదాకా లాగుదాం. లోపలి పొడవు 8 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, నీళ్ళ లోతు 2.5 మీటర్లు. అంటే సరిగ్గా లక్ష లీటర్లు, 100 టన్నుల నీళ్ళు. గోడ ఎత్తు 3 మీటర్లు, పైన 150 మి.మీ. స్లాబు. అనంతపురం దగ్గర ఎర్రనేల మీద, భూమికి పైన కట్టేది.

1. ఏ ఏ పరిస్థితులకు డిజైన్ చేయాలో రాసుకోండి

నిండుగా ఉన్న ట్యాంకు ఒక్కటే లెక్క కాదు. లోపల నిండా నీళ్ళుండి బయట మట్టి లేనప్పుడు గోడ బయటికి వంగుతుంది. సంపు అయితే లోపల ఖాళీగా ఉండి బయట మట్టి నెట్టినప్పుడు లోపలికి వంగుతుంది. అందుకే గోడకు రెండు ముఖాల్లోనూ కడ్డీ కావాలి. మధ్యలో అడ్డగోడ ఉంటే ఒక గది నిండుగా, ఇంకోటి ఖాళీగా ఉన్నట్టు కూడా చూడాలి. అది శుభ్రం చేసే రోజు తప్పకుండా జరుగుతుంది.

సంపుకు ఇంకో ప్రమాదం ఉంది: తేలిపోవడం. ఇదే ట్యాంకును భూమిలో దింపి, వాన ముసురుకు చుట్టూ నీటి మట్టం నేల దాకా వచ్చిందనుకోండి. 300 మి.మీ. గోడలు, 300 మి.మీ. అడుగు స్లాబు, పై స్లాబు కలిపి బరువు సుమారు 115 టన్నులు. అది పక్కకు నెట్టే నీళ్ళు సుమారు 166 టన్నులు. ఖాళీగా ఉంటే పడవలా లేస్తుంది. నీళ్ళు పైకి తోసే బలం కన్నా పట్టి ఉంచే బరువు కనీసం 1.2 రెట్లు ఉండాలి. అనంతపురంలో నీరు లోతుగా ఉంటుంది కాబట్టి ఎవరూ దీన్ని పట్టించుకోరు. కర్నూలులో పట్టించుకోక తప్పదు. 2009 అక్టోబర్ వరదలో తుంగభద్ర, హంద్రీ నీళ్ళు ఊళ్ళోకి వచ్చిన సంగతి అక్కడివాళ్ళు మరచిపోలేదు. పరిష్కారాలు: అడుగు స్లాబును గోడ బయటికి అర మీటరో ముప్పావు మీటరో పొడిగించి పైన మట్టి బరువు వేయడం, అడుగు స్లాబు మందం పెంచడం, చుట్టూ నీళ్ళు పోయే దారి పెట్టడం.

నంద్యాల వైపు నల్లరేగడి నేలైతే సంపు చుట్టూ అదే మట్టి తిరిగి నింపకండి. వానకు ఉబ్బి గోడను నెడుతుంది. మంచి మొరం తెచ్చి పొరలు పొరలుగా కూర్చండి.

2. నిలకడ నీళ్ళ ఒత్తిడి, మొమెంటు

అడుగున ఒత్తిడి 9.81ని 2.5తో గుణిస్తే చదరపు మీటరుకు 24.5 కిలోన్యూటన్లు. గోడను అడుగున బిగించిన కాంటిలివరు (ఒక చివరే పట్టు ఉన్నది) అనుకుంటే మీటరు వెడల్పుకు మొమెంటు (గోడను వంచే ప్రభావం) 9.81 ఇంటు లోతు ఘనం బై 6. మన ట్యాంకుకు 25.5 కిలోన్యూటన్ మీటర్లు.

ఓవర్‌ఫ్లో పైపు మూసుకుపోతే? పిట్టగూడో, ప్లాస్టిక్ కవరో అడ్డం పడి నీళ్ళు పైఅంచు దాకా నిండడం నేను చూశాను. అప్పుడు లోతు 3 మీటర్లు, మొమెంటు 44.1. లోతు 20 శాతం పెరిగితే మొమెంటు 73 శాతం పెరిగింది. అందుకని నేను రోజువారీ 2.5 మీటర్ల నీళ్ళకు బీటల తనిఖీ చేస్తాను, కడ్డీ మాత్రం 3 మీటర్లకు వేస్తాను. కోడు అడిగినదాని కన్నా ఇది కొంచెం ఎక్కువే. ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, నిద్ర బాగా పడుతుంది.

కాంటిలివరు లెక్క మొదటి అంచనాకు మాత్రమే. పక్క గోడలు కూడా పట్టుకుంటాయి కాబట్టి నాలుగో భాగం పట్టికలు చూస్తే మొమెంటు తగ్గుతుంది.

3. గోడ మందం, నిలువు కడ్డీ

కాంక్రీటు ఎం30కి (28 రోజులకు 30 మెగాపాస్కల్ బలం) తగ్గకూడదు. నీళ్ళ సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, ఘనపు మీటరుకు సిమెంటు కనీసం 320 కిలోలు. నీళ్ళు తగిలే ముఖానికి కవర్ (కడ్డీని కప్పే కాంక్రీటు పొర) 45 మి.మీ.

300 మి.మీ. గోడ తీసుకుందాం. 25.5 మొమెంటుకు కాంక్రీటులో వచ్చే లాగుడు ఒత్తిడి 1.7 మెగాపాస్కల్. వర్కింగ్ స్ట్రెస్ పద్ధతిలో (రోజువారీ బరువులకు ఒత్తిడి ఒక హద్దు దాటకుండా చూసేది) ఎం30కి వంగుడులో 2.0 దాకా ఒప్పుకుంటారు కాబట్టి పాస్. అదే 250 మి.మీ. గోడ అయితే 2.45 వస్తుంది, ఫెయిల్. ఎవరైనా "తొమ్మిది అంగుళాల గోడ చాలదా సార్" అంటే ఈ రెండంకెలు చూపించండి.

కడ్డీ: 44.1 మొమెంటుకు, హెచ్‌వైఎస్‌డీ (గట్లున్న బలమైన) కడ్డీలో ఒత్తిడి 130 మెగాపాస్కల్ దాటకుండా చూస్తే మీటరుకు సుమారు 1600 చదరపు మి.మీ. కావాలి. 16 మి.మీ. కడ్డీ 125 మి.మీ. దూరంలో వేస్తే సరిపోతుంది. ఇది నీళ్ళ వైపు ముఖంలో, గోడ అడుగు భాగంలో. పైకి పోయేకొద్దీ సగం కడ్డీలు ఆపేయొచ్చు. లిమిట్ స్టేట్ పద్ధతిలో (బరువులను గుణకాలతో పెంచి విరగడానికి లెక్క చూసేది) చేసేవాళ్ళు బీట వెడల్పు 0.2 మి.మీ. దాటకుండా విడిగా చూడాలి.

మందం పెంచడం ఇష్టం లేకపోతే దారులున్నాయి. అడుగున 350, పైన 200 ఉండేలా గోడను వాలుగా కట్టొచ్చు. లోతు తగ్గించి విస్తీర్ణం పెంచొచ్చు. స్థలం ఉంటే నేను ఎప్పుడూ రెండోదే చెప్తాను, ఎందుకంటే మొమెంటు లోతు ఘనంతో పెరుగుతుంది.

ఇక్కడ ఒక పెద్ద తప్పు జరుగుతుంది. గోడ 300 మందం పెట్టి అడుగు స్లాబు 150తో సరిపెడతారు. గోడ అడుగున ఉన్న మొమెంటు ఎక్కడికి పోవాలి? స్లాబులోకే పోవాలి. గోడను ఆనుకుని కనీసం ఒకటిన్నర మీటరు వరకు స్లాబు కూడా అంతే మందంగా, అంతే కడ్డీతో ఉండాలి.

4. మూలలు, అడ్డ కడ్డీలు

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నేను చూసిన లీకుల్లో సగానికి పైగా ఇక్కడివే.

పొడవు గోడను నీళ్ళు బయటికి నెడితే దాన్ని రెండు చివర్లా పట్టుకునేది పొట్టి గోడలు. అంటే పొట్టి గోడ లాగబడుతుంది. అడుగు నుంచి మీటరు ఎత్తులో ఒత్తిడి 14.7. పొట్టి గోడలో లాగుడు 14.7 ఇంటు 8 బై 2, దాదాపు 59 కిలోన్యూటన్లు. పొడవు గోడలో 14.7 ఇంటు 5 బై 2, దాదాపు 37. చూశారా, పొట్టి గోడకే లాగుడు ఎక్కువ. "చిన్న గోడ కదా" అని అందులో కడ్డీ తగ్గించడం అందరూ చేసే తప్పు. 59కి ఒక్క లాగుడు కోసమే 453 చదరపు మి.మీ. కావాలి, వంగుడుకు కావలసింది దీనికి అదనం.

కనీస కడ్డీ కూడా చూడండి. 2009 కూర్పు ప్రకారం గోడ మందంలో సగాన్ని ఒక్కో ముఖానికి లెక్కేసి అందులో 0.35 శాతం, 15 మీటర్లకు మించని ట్యాంకులకు 0.24 శాతం. కొత్త కూర్పులోని విలువతో సరిచూసుకోండి. మన ఎండలకు నేను 0.35కి తగ్గను. 300 గోడకు ముఖానికి 525 చదరపు మి.మీ., అంటే 12 మి.మీ. కడ్డీ 200 దూరంలో, రెండు ముఖాల్లో.

పాత పుస్తకాల్లో నాలుగు గోడలను ఒక అడ్డ ఫ్రేములా తీసుకునే పద్ధతి ఉంది. దానితో ఈ ట్యాంకు మూలలో 60 కిలోన్యూటన్ మీటర్ల మొమెంటు వస్తుంది. 8 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున్న గోడ ఎక్కువగా అడుగునే పట్టుకుని నిలబడుతుంది కాబట్టి నిజానికి అంత రాదు. పట్టికలు వాడండి. కానీ వచ్చేదేదైనా మూలలో లోపలి ముఖాన్నే లాగుతుంది, మూల తెరుచుకోవాలని చూస్తుంది. ఇది గుర్తుంటే కడ్డీ ఎలా వంచాలో అదే తెలుస్తుంది.

ఒక సైటులో జరిగింది చెప్తాను. షట్టరింగ్ మూసే ముందు రోజు సాయంత్రం మూల దగ్గర కూర్చుని టార్చి వేసి చూశాను. లోపలి ముఖం అడ్డ కడ్డీలన్నీ లోపలి మూల చుట్టూ ఎల్ ఆకారంలో వంచి ఉన్నాయి, పక్క గోడ లోపలి ముఖంలోకి. చూడటానికి చక్కగా ఉంది. కానీ నీళ్ళు నెట్టినప్పుడు ఆ కడ్డీ నిటారు కావాలని చూస్తుంది, మూల దగ్గరి కవర్‌ను లోపలికి పెకలించుకుని బయటికొస్తుంది. బార్ బెండర్‌ను అడిగితే "అన్నిట్లో ఇట్లనే వంచినాం సార్" అన్నాడు. అతని తప్పు కాదు, డ్రాయింగులో మూల వివరమే లేదు. రాత్రి పదకొండు దాకా కూర్చుని మార్పించాం.

సరైన పద్ధతి: లోపలి ముఖం కడ్డీ మూల దాటి నేరుగా వెళ్ళి, పక్క గోడ బయటి ముఖంలో వంగి, పూర్తి పట్టు పొడవు తీసుకోవాలి. మూలలో 150 మి.మీ. ఏటవాలు పట్టీ పోసి దాని వెంబడి ఏటవాలు కడ్డీలు అదనంగా వేయాలి. మూల వివరాన్ని డ్రాయింగులో పెద్దగా విడిగా గీయండి. అతుకులు మూలలో పెట్టొద్దు.

5. భూకంపం లెక్క

సిద్ధాంతం రెండు మాటల్లో. సగం నిండిన బిందె నెత్తిన పెట్టుకుని నడిస్తే అడుగు నీళ్ళు బిందెతోనే కదులుతాయి, పై నీళ్ళు అటూ ఇటూ ఊగి ఒలుకుతాయి. ట్యాంకులోనూ అంతే. గోడతో పాటు కదిలే భాగం ఒకటి, నెమ్మదిగా ఊగే భాగం ఒకటి. హౌస్నర్ అనే అమెరికన్ ఇంజనీరు 1963లో ట్యాంకులకు ఇచ్చిన నమూనా ఇదే, మన కోడూ దాన్నే ఆధారం చేసుకుంది.

లెక్కలో పొడవు అంటే భూమి ఊగే దిశలో ఉన్న లోపలి కొలత. వెడల్పు దిశలో ఊగితే పొడవు 5 మీటర్లే! ఇక్కడ తికమక పడితే మిగతాదంతా తప్పు. లోతు అంటే నీళ్ళ లోతు, గోడ ఎత్తు కాదు.

అ) గోడతో కదిలే నీళ్ళు. పొడవును లోతుతో భాగించి 0.866తో గుణించండి: 5 బై 2.5 ఇంటు 0.866, అంటే 1.732. దాని టాన్‌హెచ్ 0.939. దాన్ని మళ్ళీ 1.732తో భాగిస్తే 0.542. అంటే 54 టన్నులు.

ఆ) ఊగే నీళ్ళు. లోతును పొడవుతో భాగించి (0.5) 3.16తో గుణిస్తే 1.58. టాన్‌హెచ్ 0.919. దాన్ని 0.264తో గుణించి 0.5తో భాగిస్తే 0.485. అంటే 48.5 టన్నులు. రెండూ కలిపితే 102.7 టన్నులు, మొత్తం 100కి దగ్గరగా ఉంది. సూత్రాలు ఉజ్జాయింపువి కాబట్టి రెండు మూడు శాతం తేడా మామూలే. పది శాతం తేడా వస్తే ఎక్కడో తప్పు వేశారు.

ఇ) ఊపు కాలాలు, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం. గోడతో కదిలే భాగానికి మన 300 గోడతో 0.04 సెకన్లు వస్తుంది. 0.1 కన్నా తక్కువైతే స్పెక్ట్రమ్ విలువ (కంపానికి ఎంతగా స్పందిస్తుందో చెప్పే కోడు అంకె) 2.5 తీసుకోవాలి, తగ్గించుకోకూడదు. ఊగే భాగానికి 2.63 సెకన్లు. మధ్యరకం నేలకు 1.36ని 2.63తో భాగిస్తే 0.517. ఊగే నీళ్ళకు డాంపింగ్ (ఊపును తగ్గించే గుణం) 0.5 శాతమే కాబట్టి 1.75తో గుణించాలి: 0.904. ఈ 1.75 మరచిపోయేవాళ్ళు చాలామంది.

ఈ) గుణకం. జోన్ టూ విలువ 0.10లో సగం 0.05. తాగునీళ్ళకు, మంటలార్పే నీళ్ళకు ప్రాముఖ్యత గుణకం 1.5. అడుగున బిగించిన ఆర్‌సీసీ గోడ, నేల మీద ట్యాంకు కాబట్టి ఆర్ విలువ (శక్తిని మింగి నిలబడే గుణాన్ని బట్టి బలాన్ని తగ్గించే భాజకం) 2.0. కలిపితే గోడతో కదిలే భాగానికి 0.05 ఇంటు 1.5 బై 2 ఇంటు 2.5, అంటే 0.094. ఊగే భాగానికి 0.034.

ఆర్ దగ్గర జాగ్రత్త. సాఫ్ట్‌వేర్‌లో బిల్డింగు ఫ్రేముకు పెట్టిన 5 అలాగే వదిలేస్తే 0.094 కాస్తా 0.0375 అయిపోతుంది. ట్యాంకు గోడకు బిల్డింగు ఫ్రేములా వంగి శక్తిని మింగే గుణం లేదు, బీటేస్తే నీళ్ళు పోతాయి. రిపోర్టు ఎవరిదైనా నేను మొదట చూసే అంకె ఇదే.

ఉ) అడుగున కోత బలం, అంటే ట్యాంకును పక్కకు జరపాలని చూసే మొత్తం బలం. గోడతో కదిలే నీళ్ళు 54, గోడలు 61, పై స్లాబు 18 టన్నులు కలిపి 0.094తో గుణిస్తే దాదాపు 123 కిలోన్యూటన్లు. ఊగే నీళ్ళది 16. రెండూ ఒకేసారి గరిష్ఠానికి రావు కాబట్టి వర్గాల మొత్తానికి వర్గమూలం తీయాలి: 124. అడుగు స్లాబు కాకుండా నిండు ట్యాంకు బరువు సుమారు 1760 కిలోన్యూటన్లు, అందులో ఇది 7 శాతం. మన జోన్‌లో ఈ తరహా ట్యాంకుకు 6 నుంచి 9 శాతం మధ్య వస్తే లెక్క దారిలో ఉన్నట్టు. 14 వస్తే జోన్ విలువను రెండుతో భాగించడం మరచిపోయారేమో చూడండి.

ఊ) గోడ మీద అదనపు ఒత్తిడి. అడుగున గోడతో కదిలే నీళ్ళది 1.87, గోడ సొంత బరువుది 0.70, ఊగే నీళ్ళది 0.27, నిలువు కంపానిది 1.53 (అన్నీ చదరపు మీటరుకు కిలోన్యూటన్లు). మొదటి రెండూ కూడి, మిగతావాటితో వర్గమూలం తీస్తే 3.0. నిలకడ ఒత్తిడి 24.5లో ఇది 12 శాతం. వర్కింగ్ స్ట్రెస్ పద్ధతిలో భూకంపం కలిసినప్పుడు అనుమతి ఒత్తిడి మూడో వంతు పెంచుకోవచ్చు కాబట్టి గోడ మారదు. లిమిట్ స్టేట్ అయితే బరువుల కాంబినేషన్లన్నీ వేసి చూడండి. సంపుకు బయటి మట్టి కూడా ఊగి నెడుతుంది, దాన్ని విడిగా కలపాలి.

రెండో దిశలో, అంటే పొడవు 8గా తీసుకుని ఇదంతా మళ్ళీ చేయండి. అప్పుడు గోడతో కదిలేది 36 టన్నులే, ఊగేది 64 టన్నులు. అది ఎందుకు ముఖ్యమో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

6. అల ఎంత లేస్తుంది

అల ఎత్తు: ఊగే గుణకం ఇంటు ఆర్ ఇంటు పొడవులో సగం. వెడల్పు దిశలో 0.034 ఇంటు 2 ఇంటు 2.5, అంటే 170 మి.మీ. పొడవు దిశలో కాలం 3.67 సెకన్లు, గుణకం 0.0243, అల 195 మి.మీ. అడుగున కోత బలానికి చిన్న దిశ, అలకు పెద్ద దిశ. ఒక్క దిశ చూసి వదిలేస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది.

మనకు నీళ్ళ పైన 500 మి.మీ. ఖాళీ ఉంది, చాలు. కానీ పై స్లాబు కింద 300 లోతు బీము వేలాడుతుంటే మిగిలేది 200 మాత్రమే, 195 అలకు అది బొటాబొటి. ఖాళీని స్లాబు కింద నుంచి కాదు, బీము కింద నుంచి కొలవండి. అల తగిలే అవకాశం ఉంటే పై స్లాబును గోడతో గట్టిగా కట్టాలి. గోడ మీద ఊరికే ఆనించిన పలకలు, కడప బండలు పైకి లేచి జారతాయి. నీళ్ళ ట్యాంకు మూతకు ఎక్కువమంది వాడేది అవే కాబట్టి చెప్తున్నాను.

పైపుల సంగతి కూడా ఇక్కడే. గోడలో పడిల్ ఫ్లాంజ్ (గోడ మధ్యలో ఇరుక్కునే పళ్ళెం ఉన్న పైపు ముక్క) వేసి కాంక్రీటు పోయండి, తర్వాత చిల్లు కొట్టి బిగించొద్దు. బయట మీటరు లోపే వంగే జాయింటు పెట్టండి. ట్యాంకు ఒకలా, భూమిలోని పైపు ఇంకోలా కదిలితే మొదట విరిగేది గోడ దగ్గరి పైపే. ట్యాంకు చెక్కుచెదరకపోయినా నీళ్ళన్నీ పోతాయి.

7. సైటులో

అడుగు స్లాబుతో పాటే గోడను 150 మి.మీ. ఎత్తు పోసి, ఆ జాయింటులో వాటర్ బార్ (నీళ్ళు కారకుండా అడ్డుకునే పట్టీ) పెట్టండి. వాటర్ బార్ కిందికి వంగిపోకుండా కడ్డీలకు కట్టాలి. రెండో పోతకు ముందు పాత కాంక్రీటు ముఖం గరుకు చేసి, రంపపు పొడి, కట్టుతీగ ముక్కలు లేకుండా కడగండి. నా మొదటి ట్యాంకు సరిగ్గా ఈ గీత వెంబడే, నేల నుంచి జానెడు ఎత్తులో నాలుగు వైపులా నెమ్ము పట్టింది. కడగలేదు, అంతే.

షట్టరింగ్ పట్టుకోవడానికి గోడ గుండా పీవీసీ గొట్టాలు వేసి వదిలేయొద్దు. ఒక్కో గొట్టం ఒక్కో లీకు. మధ్యలో రేకు బిళ్ళ ఉన్న టై రాడ్లు వాడండి.

కాంక్రీటు సాయంత్రం నాలుగు తర్వాత మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పోయడమే మేలు. గాలి వేడి 40 డిగ్రీలు దాటితే ఐఎస్ 7861లోని వేడి వాతావరణ నియమాలు వర్తిస్తాయి. కంకర మీద నీళ్ళు చల్లి నీడన ఉంచండి. "గట్టిపడిపోతోంది" అని మేస్త్రీ బకెట్‌తో నీళ్ళు కలపబోతే ఆపండి, కావాలంటే అడ్మిక్చర్ (కాంక్రీటును జారుగా చేసే రసాయనం) కలపండి. క్యూరింగ్ వేడి, పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకు కనీసం 10 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) లాంటి వాటికి 14. గోడకు గోనెపట్టాలు కట్టి తడిగా ఉంచాలి. పైపుతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లితే మధ్యాహ్నానికల్లా గోడ ఎండిపోతుంది.

8. నీళ్ళు పట్టి చూడటం

ప్లాస్టరింగ్‌కు, బయట మట్టి నింపడానికి ముందే చేయాలి. తర్వాత చేస్తే ఎక్కడ కారుతోందో కనిపించదు. రోజుకు మీటరు చొప్పున నెమ్మదిగా నింపండి. నింపాక 7 రోజులు వదిలేయండి, కాంక్రీటు పీల్చుకునేది పీల్చుకుంటుంది. ఆ తర్వాత 7 రోజులు రోజూ ఒకే సమయానికి మట్టం రాసుకోండి. గోడ బయట కనిపించే ట్యాంకు అయితే ఆ ఏడు రోజులూ బయటి ముఖం పొడిగా ఉండాలి. భూమిలో ఉండి పైన మూత ఉన్న సంపు అయితే ఏడు రోజుల్లో మొత్తం 40 మి.మీ.కి మించి తగ్గకపోతే పాస్.

మూత ఇంకా వేయని ట్యాంకులో ఎండకు ఆవిరయ్యే నీళ్ళు కూడా మట్టం తగ్గిస్తాయి, దాన్ని లీకు అనుకుని కంగారు పడతారు. ఒక బకెట్‌లో నీళ్ళు పోసి, లోపల గీత గీసి, ట్యాంకు నీళ్ళలోనే నిలబడేలా కట్టండి. బకెట్‌లో ఎంత తగ్గిందో అది ఎండ పని. ట్యాంకులో అంతకన్నా ఎక్కువ తగ్గితే ఆ తేడా లీకు.

నెమ్ము కనిపించిన చోట సుద్దతో చుట్టూ గీసి తేదీ రాయండి. సన్నని బీటలు కొన్ని వారం పది రోజుల్లో వాటంతట అవే సున్నం కట్టి మూసుకుంటాయి. గీత దాటి మచ్చ పెరుగుతుంటే నీళ్ళు తీసేసి లోపలి వైపు నుంచి గ్రౌటింగ్ (బీటలోకి సిమెంటు పాలో రసాయనమో ఎక్కించడం) చేయించాలి. బయట ప్లాస్టర్ రుద్దితే ఆ నీళ్ళు ఇంకో చోట బయటపడతాయి, ఈలోపు లోపలి కడ్డీ తుప్పు పడుతుంది. మరమ్మతు అయ్యాక ఆ పద్నాలుగు రోజులూ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టండి.